మ్యూరియెల్ అత్త దుమ్ము పోరు

మ్యూరియెల్ అత్తకు తెలుగు చదవడం రాదు, రాయడం రాదు, నాలుగు మాటలు కుదురుగా కలిపి కబురు చెప్పడం కూడా రాదు. తిట్టడం మాత్రం వచ్చు. కాకినాడలో మా నాయనమ్మతో పాటే పోయాయనుకున్న తిట్లన్నీ సముద్రం దాటి వచ్చి, దక్షిణాఫ్రికాలో వెరులం అనే ఊళ్ళో ఈవిడ నోట్లో భద్రంగా ఉన్నాయి. ముందూ వెనకా మాటలన్నీ ఇంగ్లీషు (వాటిని ఆవిడ యాసకు తగ్గట్టు నేనే తెలుగు చేసి చెబుతున్నాను), మధ్యలో "నీ నోట్లో మన్ను పడ" అని అచ్చమైన గోదావరి తిట్టు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. తిట్టింది నా మొగుణ్ణేనని తరవాత తెలిసింది.

మేము వచ్చింది తొంభై ఆరులో. ఓట్లయ్యాయి, కొత్త ప్రభుత్వం వచ్చింది, అక్కడ కట్టవలసినవి బోలెడున్నాయి, కట్టించే ఇంజినీర్లు చాలడం లేదు అని ఎవరో చెబితే చాలు, మా ఆయన శేషాద్రి పెట్టెలు సర్దేశారు. ఒక పెట్టెనిండా ఆయన పుస్తకాలు, ఇంకోదాని నిండా నా కారాలు, ఊరగాయలు. డర్బన్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరుగా చేరారు. మ్యూరియెల్ అత్త ఇంటి వెనక అవుట్‌బిల్డింగులో రెండు గదులు అద్దెకు దొరికాయి. మొదటిరోజు మర్యాదగా "ఆంటీ" అని పిలిచాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఆంటీ గీంటీ షాపుల కాడ అనుకో, ఇంట్లో అత్తా అను అంది. అప్పటినుంచి ఆవిడ అత్త, ఆవిడ భర్త సూబ్రాయన్ మామయ్య.

అత్త పుట్టింది షాకాస్‌క్రాల్ దగ్గర చెరుకుతోటల్లో, కూలీలుండే బారకాసు గదుల్లో. ముత్తాతలు చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఇంట్లో పెట్టిన పేరు మునెమ్మ. బడిలో టీచరమ్మకు నోరు తిరక్క మ్యూరియెల్ అంది, అదే నిలిచిపోయింది. సూబ్రాయన్ మామయ్య చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర జీవితమంతా పనిచేశాడు. చెరుకు పిప్పి మండించే పొగా నుసీ పీల్చి పీల్చి, పింఛనుతో పాటు ఆయాసం కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. అంతకుముందు డర్బన్ అంచున వాళ్ళకు సొంత ఇల్లుండేది. ఈ పేట ఇకనుంచి తెల్లవాళ్ళదని చెప్పి ఆఫీసువాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు, చేశారు. "పొమ్మన్నారు, వచ్చినాం. ఎవురికి సెప్పేది?" అని అత్త ఆ కథను ఒక్క ముక్కలో తేల్చేసేది. అన్నిటికీ తిట్లుండే మనిషి దగ్గర ఈ ఒక్కదానికీ తిట్టు లేదు.

తొంభై నాలుగులో, అన్ని రంగులవాళ్ళకూ ఓటు వచ్చినప్పుడు, అరవైకి దగ్గరపడ్డ వయసులో, మొదటిసారి ఓటు వేసింది. పూజలకు కట్టుకునే చీర కట్టుకుని, మామయ్యకు పెళ్ళినాటి కోటు తొడిగించి, పొద్దస్తమానం వరసలో నిలబడి వేసిందట. ఇక అప్పటినుంచి గవర్నమెంటు తనదే అనుకుంది. తనదైనప్పుడు వాడుకోవాలి కదా. వీధిదీపం వెలగకపోతే కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళేది. వెలిగితే, పగలు కూడా వెలుగుతోందని వెళ్ళేది. చెత్తబండి ఆలస్యమైతే ఒక ఫిర్యాదు, త్వరగా వచ్చి నిద్ర చెడగొడితే ఇంకోటి. ఆవిడ మెట్లెక్కుతుంటే చూసి కౌంటర్లో పిల్లలు టీకి వెళ్ళిపోయేవాళ్ళని అత్తే గొప్పగా చెప్పేది.

ఆ ఫిర్యాదుల్లోకెల్లా పెద్దది క్లినిక్కు. మామయ్యకు ఆయాసం వచ్చినప్పుడల్లా దూరంగా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చేది. మా పేటలో ఒక క్లినిక్కు కావాలని అత్త ఇల్లిల్లూ తిరిగింది, మీటింగుల్లో లేచి నిలబడింది, చివరికి సాధించింది. అదీ ఎక్కడ? తన ఇంటి పక్కన ఉన్న ఖాళీ జాగాలోనే. కట్టించే ఇంజినీరు ఎవరు? వెనకింట్లో ఉన్న మా ఆయన. శంకుస్థాపన నాడు ఆవిడ మా ఆయనకు పాయసం పెట్టి, నువ్వు దేవుడు పంపిన పిల్లోడివి నాయనా అని నెత్తిమీద చెయ్యి వేసింది. ఆ మర్నాడే బుల్‌డోజరు దిగింది.

అక్కడి మట్టి ఎర్రమట్టి. చలికాలపు చివర, అక్కడ వానలు లేని రోజులు. బుల్‌డోజరు ఒక్కసారి గీకి వదిలిపెడితే చాలు, లేచిన దుమ్ము తిన్నగా మా కిటికీల్లోంచి దిగేది. అన్నం ఎరుపు, పాలు ఎరుపు, ఉతికిన బట్టలు ఉతక్కముందు కంటే ఎరుపు. నేను దేవుడి పటాలు తుడిచి అటు తిరిగేలోగా వెంకటేశ్వరస్వామి మొహం మళ్ళీ కనపడేది కాదు. సాయంత్రం మా ఆయన ఇంటికొస్తే, ఏ సైటులోంచి వచ్చారని అడగక్కర్లేదు, సైటే ఇంట్లో ఉంది.

ఇవన్నీ పడొచ్చు. పడలేనిది మామయ్య దగ్గు. ఆయన మాటలు తక్కువ మనిషి. వరండాలో కుర్చీ వేసుకుని, చెవి దగ్గర రేడియో పెట్టుకుని, అత్త తిట్లూ రేడియో కబుర్లూ కలిపి వింటూ కూచుంటాడు. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ అయింది. తలుపులు మూసిన గదిలో తడితువ్వాలు మొహాన కప్పుకుని పడుకునేవాడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల, బయటికి వచ్చేటప్పుడు ఇంకో ఈల. డాక్టరు చూసి, ఈ దుమ్మయినా పోవాలి, ఈయనైనా పోవాలి అన్నాడు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో నార్త్‌డేల్ అనే పేటలో వాళ్ళ కూతురు వసంతి ఉంటుంది. నాన్నను తీసుకుపోతానని ఫోను చేసింది. మంచిదే. కానీ వాళ్ళింట్లో ఉన్నది ఒక్క గది, ఒక్క మంచం. అదీగాక అత్తకూ అల్లుడు క్రిష్‌కూ ఒక కప్పు టీ తాగేంతసేపే సఖ్యత, కప్పు ఖాళీ అయితే తగాదా. కాబట్టి నాన్నను పంపు, నువ్వు ఆదివారాలు వచ్చి చూసి వెళ్ళు అంది. పెళ్ళయినప్పటినుంచి ఆ మొగుడూ పెళ్ళాలు ఒక్క పూట విడిగా ఉన్నవాళ్ళు కారు. ఆ ఫోను పెట్టేసి అత్త తిన్నగా మా గుమ్మంలోకి వచ్చింది.

"ఇంజినీరూ, రేపు నీ మీద కంప్లెయిన్ ఇస్తా," అంది. తరవాత మా ఆయన చేతిలో పళ్ళెం చూసి, "కూర సాలిందా? ఇంకాస్త తెస్తా ఉండు," అంది.

ఇచ్చింది కూడాను. ఫిర్యాదు చూసుకునే హెల్త్ ఇన్‌స్పెక్టరు పేరు కిస్టెన్. ఊరివాడే, తెలుగు పుటకే, మాట మాత్రం ఇంగ్లీషే. హోటళ్ళ వంటిళ్ళలో బొద్దింకల్ని పట్టుకోవడంలో ఆయనకు మంచి పేరు. దుమ్ము కేసు ఆయనకు ఇదే మొదటిది. కట్టడం పనుల్లో దుమ్ము హద్దు దాటి బయటికి పోకూడదు, మట్టి తడిపి ఉంచాలి, మట్టిగుట్టల మీద టార్పాలిన్లు కప్పాలి అని కౌన్సిల్ రూలు ఎన్నాళ్ళనుంచో ఉంది. అయితే అది ఇన్నాళ్ళూ తెల్లవాళ్ళ పేటల్లోనే పనిచేసింది, మన పేటల్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కిస్టెన్ తెల్లచొక్కా వేసుకుని వచ్చి, జేబురుమాలు తీసి అత్త కిటికీ మీద ఒకసారి రాసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా బాధపడ్డాడు. మట్టి తడపండి అని మా ఆయనకు నోటీసు ఇచ్చి వెళ్ళాడు.

తడపాలంటే వాటర్ ట్యాంకరు కావాలి. కాంట్రాక్టరుకు ట్యాంకరుంది. అది సముద్రం ఒడ్డున గొప్పవాళ్ళ బంగళాలు కడుతున్నచోట పొద్దస్తమానం నీళ్ళు చల్లుతోంది. మా ఆయన ఫోను చేసినప్పుడల్లా వచ్చేవారం పంపిస్తానంటాడు. ఆ వచ్చేవారం ఎప్పుడూ వచ్చేవారమే. సైటులో ఉన్నది ఒక్క పంపు, దాని ధార నా చిటికెన వేలంత. మనుషుల్ని పెట్టి డబ్బాలతో పోయిస్తే, ఇటు పోసి అటు తిరిగేలోగా ఆరిపోయేది. ఎక్కువ మాట్లాడితే నీ బదులు ఇంకొకణ్ణి చూసుకుంటానని కాంట్రాక్టరు ఒకసారి అననే అన్నాడు. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే కాకినాడ. మా ఆయన నోరు మూసుకున్నారు.

నోరు మూసుకున్నా బుర్ర ఊరుకోదు కదా. అత్తకు శుక్రవారం పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే అలవాటు. గుడి ఆవు పేడ తెచ్చి, బకెట్లో కలిపి, ఊరంతా దుమ్ములో మునిగినా తన వాకిలి మాత్రం నున్నగా ఉంచుకునేది. ఒక శుక్రవారం మా ఆయన నోట్లో బ్రష్షు పెట్టుకుని ఆ వాకిలి వంక అలాగే చూస్తూ నిలబడిపోయారు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. ఆ చూపు నాకు తెలుసు. ఏవండీ, అది మనుషులు నడిచే వాకిలికండీ, లారీలు తిరిగే బాటకు కాదు అని ముందే చెప్పాను. పేడలో పీచు ఉంటుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, మన పూర్వులు ఊరికే చల్లారా అని నాకే పాఠం చెప్పారు. నోరు కడుక్కోండి ముందు అన్నాను.

పాల డెయిరీనుంచి లారీడు పేడ తెప్పించారు. పీపాల్లో కలిపించి, లారీలు తిరిగే బాటంతా ఈ చివరనుంచి ఆ చివరకు కళ్ళాపి చల్లించారు. పనివాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, నవ్వలేక చచ్చారు. సైట్ గేటు దగ్గర థోకో అనే జులూ అమ్మాయి అమాగ్విన్యా అమ్ముతుంది. అంటే నూనెలో వేయించిన పిండి ఉండలు. మా ఆయన రోజూ వాటిని నా ఊరగాయతో నంజుకుని తింటారు. మా అమ్మ కూడా గుడిసెలో నేల ఇలాగే అలుకుతుంది, మీ ఇంజినీరు లారీలకు కూడా ఇల్లు అలికిపెడుతున్నాడా అని థోకో నన్నడిగింది. ఏం చెప్పను? మా ఇళ్ళల్లో మగవాళ్ళకు ఇల్లు అలకడం రాదు, అందుకే రోడ్లు అలుకుతారు అన్నాను.

పొద్దున్న మాత్రం అద్భుతమే, కాదనను. బాట నల్లగా, నున్నగా, దుమ్మన్నది లేకుండా ఉంది. అత్తకు కళ్ళనీళ్ళు తిరిగాయి. క్లినిక్కు గేటుకు అడ్డంగా గేటంత ముగ్గు పెట్టింది. డ్రైవర్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి తిప్పుకుని వెళ్ళారు. మామయ్య తువ్వాలు తీసేసి వరండాలోకి వచ్చి కూచున్నాడు. మా ఆయన నడుంమీద చెయ్యి వేసుకుని నా వంక చూశారు. నేను చూడనట్టు పప్పు కలుపుకున్నాను.

మధ్యాహ్నానికి ఎండ మాడింది. ఎండిన పేడ పెచ్చులు లేచింది. పెచ్చుల మీద లారీలు తిరిగాయి, పెచ్చులు పొడి అయ్యాయి. ఆ తరవాత గాలి వచ్చింది. ఎర్రదుమ్ము లేస్తే మట్టి అనుకుని సరిపెట్టుకోవచ్చు, ఇది లేస్తే ఏమనుకుంటాం? వీధి వీధంతా పేడ వాన. తీగలమీద దుప్పట్లు, తెరిచిన కిటికీల్లో పరుపులు, పక్కింటి వాళ్ళు పూజకు చేసుకున్న లడ్డూలు, దేన్నీ వదల్లేదు. సరిగ్గా అప్పుడే మట్టి తడిపారో లేదో చూద్దామని కిస్టెన్ తెల్లచొక్కాతో వచ్చి గేటు దగ్గర దిగాడు. జేబురుమాలు తీశాడు గానీ, పరీక్షకు కాదు, ముక్కుకు పెట్టుకున్నాడు. దుమ్ముకొక రూలుంది, దుర్వాసనకు ఇంకో రూలుంది, మీరు ఒక్క పూటలో రెండూ మీరారు, ఇది నా సర్వీసులో చూడలేదు అన్నాడు.

నవ్వుకోవడానికి ఇంతవరకే. ఆ సాయంత్రం మామయ్యకు ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయి. మా ఆయన ఒంటినిండా పేడతోనే ఆయన్ని ఎత్తుకుని కారులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారిపొడుగునా అత్త ఒక్క తిట్టు తిట్టలేదు. దాంతో నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. మామయ్య గట్టెక్కాడు. మర్నాడు వసంతి కారేసుకుని వచ్చేసింది. నాన్న గుడ్డలు సర్దుతుంటే, అత్త ఆ సంచి మీద కూచుని, ఒక్క వారం ఆగమంది.

ఆ వారంలో సైటు రేకుల షెడ్డులో పంచాయితీ జరిగింది. కిస్టెన్‌కు పని ఆపించాలని ఉంది. కానీ ఆపితే కేసు విచారించే కమిటీ ఏదో ఆయనకే తెలియదు. పాత కౌన్సిలును రద్దు చేశారు, కొత్త కౌన్సిలుకు ఇంకా కమిటీలు వెయ్యలేదు. పాత రూలు కొత్త కౌన్సిలులో చెల్లుతుందో లేదో పైవాళ్ళను అడిగితే, పైవాళ్ళు ఇంకా పైవాళ్ళను అడుగుతున్నారు. కాంట్రాక్టరు ఫోనులోంచి వచ్చేవారం అన్నాడు. అందరూ తలలు పట్టుకుని ఉండగా అత్తే ఒక దారి చెప్పింది.

గాలి సముద్రం వైపునుంచి వస్తే దుమ్ము అత్త ఇంటి మీదికి వస్తుంది. అవతలినుంచి వీస్తే అవతలికి పోతుంది. కాబట్టి పెరట్లో తీగమీద తన పాత ఎర్ర నైలాన్ చీర కడుతుంది. చీర ఇంటివైపు ఎగిరితే లారీలు ఆగాలి, అటు ఎగిరితే తిరగాలి. ఖర్చు లేదు కాబట్టి కాంట్రాక్టరు ఫోనులోనే ఎగిరి గంతేశాడు. చీర లేకపోతే పని లేదు అన్న షరతు కూడా అత్త పెట్టించింది. అందరూ సరేనన్నారు, కిస్టెన్ సాక్షి.

ఇక చూడండి భోగం. ఇంత చదువుకున్న మా ఆయన, పొద్దున్నే కాఫీ తాగకుండా పెరట్లోకి వెళ్ళి, గాలెటుందత్తా అని అడిగేవారు. అత్త చీర వంక చూసి, ఆకాశం వంక చూసి, కాస్త ఆలోచించి, సరే నడుపుకో అనేది. డ్రైవర్లు స్టీరింగు దగ్గర కూచుని ఆ ఎర్రచీర వంకే చూసేవాళ్ళు. ఒకరోజు అత్త చీర మీద తెలియక తడి దుప్పటి ఆరేసింది. ఏమనుకోవాలో తెలియక సైటంతా బొమ్మల్లా ఆగిపోయింది. అత్త గోడకు చేరబడి, ఏమే ప్రసూనా, ఇన్నాళ్ళూ ఆఫీసోళ్ళు సెయ్యెత్తితే మేం ఆగేవాళ్ళం, ఇప్పుడు నా సీర కదిల్తే ఆళ్ళు ఆగుతున్నారు అంది. నా పూర్తి పేరు జ్ఞానప్రసూన, అత్త నోటికి సగమే పట్టింది. ఆవిడ మొహంలో ఆ సంతోషం చూస్తే నాకూ ముచ్చటేసింది. మామయ్య మళ్ళీ కుర్చీలోకి, రేడియో మళ్ళీ చెవి దగ్గరికి వచ్చాయి. వసంతి ఫోన్లు తగ్గాయి.

కొన్నాళ్ళకు గేటు దగ్గర థోకో కనపడటం మానేసింది. మా ఆయన రెండు పూటలు ఆకలని గొణిగి, మూడోరోజునుంచి నా చేత ఉప్మా చేయించుకున్నారు. ఆ పిల్ల ఎక్కడుంటుందో మేమెవ్వరం ఎప్పుడూ అడగలేదు. ఒక మధ్యాహ్నం తనే అత్త గేటు దగ్గరికి వచ్చింది. వీపున చంటిపిల్ల, దుప్పటితో కట్టి ఉంది. పిల్ల కళ్ళు రెండూ పుసులు కట్టి వాచిపోయాయి, ముక్కుల్లో ఎర్రమట్టి. థోకో ఉండేది సైటుకు అవతల, పల్లంలో, రేకుల గుడిసెల్లో. అవతల అంటే మాకు ఖాళీ అన్నట్టే ఉండేది. చీర అటు ఎగిరినప్పుడే లారీలన్నీ తిరగాలి కాబట్టి, రెండు వైపులకూ పోవాల్సిన దుమ్మంతా ఆ ఒక్కవైపే పోతోంది.

థోకో గొంతులో కోపం లేదు. చేతులు కట్టుకుని, జులూలో నాయనమ్మను పిలిచినట్టు గోగో అని, పెద్దామెతో మాట్లాడే పద్ధతిలో అడిగింది.

"గోగో, ఆ ఎర్రగుడ్డ మా వైపు ఎగిరేటట్టుంటే ముందురోజే చెప్పగలవా? పిల్లను మా అక్క దగ్గరికి పంపించేస్తాను."

అంతే. ఆపండి అనలేదు, న్యాయమా అనలేదు. ఎప్పుడు పొమ్మంటారో చెబితే పోతాను అన్నట్టు నిలబడింది. అత్త పిల్ల మొహాన్ని తన కొంగుతో తుడవబోయింది. ఆ కొంగు కూడా ఎర్రగానే ఉంది.

అంతా వరండాలోంచి మామయ్య విన్నాడు. రేడియో ఆపేశాడు. లేచాడు. వరండా మెట్లు దిగడానికే ఆయన రెండుచోట్ల ఆగాలి. అలా ఆగుతూ ఆగుతూ పెరట్లోకి వెళ్ళి, చీరకు పెట్టిన క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి, చీర లాగి భుజాన వేసుకున్నాడు. సైటులో లారీలు ఆగిపోయాయి.

"వసంతికి ఫోను సెయ్యి," అన్నాడు అత్తతో. "నేను నార్త్‌డేల్ పోతా."

చీర లేకపోతే పని లేదన్న షరతును కాంట్రాక్టరు ఒక్క పూటకు మించి ఓర్చుకోడు, మనమే చీర తీస్తే ఒప్పందం పోయినట్టే. ఒప్పందం పోతే కాంట్రాక్టరు పాతపద్ధతిలో, గాలెటున్నా లారీలు తిప్పుతాడు. అది మామయ్యకూ తెలుసు, అత్తకూ తెలుసు. అత్త అప్పుడు మొదలుపెట్టింది. ఆయన బుర్రలో పురుగులు పడాలంది, ఆయన కాళ్ళు విరగాలంది, మిల్లును తిట్టింది, డాక్టర్ని తిట్టింది, మా ఆయన పేడను తిట్టింది. తిట్లన్నీ అయిపోయాక ఆయన భుజాన ఉన్న చీర కొంగు పట్టుకుంది.

"నువ్వు పోతే నేనెవుర్ని తిట్టేదయ్యా?"

"ఆఫీసోళ్ళని తిట్టు," అన్నాడు మామయ్య.

మర్నాడు క్రిష్ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళాడు. అత్త టీ కూడా ఇవ్వలేదు. కారు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడి, తిరిగిపోగానే చెప్పులేసుకుంది. పల్లంలోకి దిగి, థోకోనూ పిల్లనూ వెంటబెట్టుకుని, కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. తాళం తీసే వేళకు వీళ్ళు మెట్లమీద ఉండేవాళ్ళు, తాళం వేసేదాకా కిస్టెన్ బల్ల ముందు ఉండేవాళ్ళు. థోకో ఇంగ్లీషులో, జులూలో మర్యాదగా అడిగేది. అత్త పక్కన కూచుని గొంతు తగ్గించి తెలుగులో తిట్టేది. ఆగకుండా, రాగం తీసి. మిగతా గుమాస్తాలు పెద్దావిడ ఏదో స్తోత్రం చదువుకుంటోందని తలలు వంచుకునేవాళ్ళు. పాపం కిస్టెన్‌కు ఒక్కడికే అర్థమయ్యేది. ఆయన్నీ చిన్నప్పుడు ఒక నాయనమ్మ పెంచింది మరి. ఇంగ్లీషులో ఎన్ని ఫిర్యాదులైనా ఫైల్లో పెట్టి మరిచిపోవచ్చు, ఈ భాషలో తిట్టించుకుని ఇంటికెళ్ళి అన్నం తినడం తనవల్ల కాలేదని ఆయనే తరవాత మా ఆయనతో చెప్పుకున్నాడు.

చివరికి ఒకరోజు కిస్టెన్ లేచి నిలబడ్డాడు. పాత రూలైతే ఏమిటి, కొత్త రూలైతే ఏమిటి, ఇన్‌స్పెక్టర్ని నేనే కదా అన్నాడు. పైవాళ్ళు అడిగితే సంజాయిషీ తనే ఇచ్చుకుంటానని, నీళ్ళ ట్యాంకరు వచ్చి మట్టి తడిపేదాకా పని ఆపమని సొంత సంతకంతో గేటుకు నోటీసు అంటించి వెళ్ళాడు. మా ఆయన ఆ నోటీసును ఫోనులో కాంట్రాక్టరుకు చదివి వినిపించారు. అవతలినుంచి అరుపులు నాకు వంటింట్లోకి వినిపించాయి. మాకు కాకినాడ ఖాయమనుకుని నేను ఊరగాయ జాడీలు లెక్కచూసుకున్నాను. ఎందుకంటే ఈసారి మా ఆయన, ట్యాంకరు లేనిదే లారీ కదలనివ్వను సార్, ఇంకొకణ్ణి చూసుకుంటే చూసుకోండి అనేశారు. పెళ్ళయ్యాక ఆయన మీద నాకు అంత గౌరవం కలగడం అరుదు. ఆయనకు చెప్పలేదనుకోండి.

కాంట్రాక్టరు ఇంకొకణ్ణి చూసుకోలేదు. ఎన్నాళ్ళనుంచో వచ్చేవారం రావాల్సిన ట్యాంకరు ఆ సాయంత్రమే వచ్చింది. రావడానికి దానికి ఏనాడూ ఏ అడ్డంకీ లేదన్నమాట. పేడా వద్దు, చీరా వద్దు, రూల్లో ఉన్న నీళ్ళే పోశారు. దుమ్ము ఇటూ లేవలేదు, అటూ లేవలేదు. థోకో గేటు దగ్గర మళ్ళీ పొయ్యి పెట్టుకుంది. పిల్ల కళ్ళు తేటపడ్డాయి.

ఆదివారం మామయ్యను తీసుకొచ్చారు. నార్త్‌డేల్‌లో బాగానే చూసుకున్నారట. మెత్తటి పరుపు, వేళకు మందు, అందరూ నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళట. వీధంతా ట్యాంకరు నీళ్ళతో బురద బురదగా ఉంటే, క్రిష్ కారు మురికవుతుందని మలుపులోనే ఆపేశాడు. మామయ్య అక్కడినుంచి నడిచి వచ్చాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చీలమండల దాకా బురద. అత్త పొద్దున్నుంచీ పాలిష్ పెట్టి రుద్దిన ఎర్రటి వరండా మీద ఆ బురదకాళ్ళు పెట్టి నిలబడ్డాడు.

అత్త చీపురుతో గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆయన మొహం చూసింది, కాళ్ళు చూసింది. ఇక అందుకుంది. నీ కాళ్ళు కాల్చ, నీ కళ్ళు కాకులు పొడవ, కళ్ళు నెత్తికెక్కాయా ముసిలాయనా, ఇల్లనుకున్నావా బురదగుంట అనుకున్నావా అని ఒకటే వరస. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు. అవుట్‌బిల్డింగు గుమ్మంలో నిలబడి నేనూ ఏడ్చేశాను. వెనకే సంచి పట్టుకుని వచ్చిన వసంతి, అమ్మా, ఇప్పుడే కదా వచ్చాడు, వదిలెయ్యి అంది.

మామయ్య గుమ్మం పట్టుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఈల వినపడలేదు. వసంతి వైపు చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు పాపా," అన్నాడు. "తిట్టనీ."